తుపాను దారి సముద్రం చేతిలో ఉందా, గాలి చేతిలో ఉందా?

ఏటా అక్టోబరు వచ్చేసరికి ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది, కాకపోతే ఈసారి అడిగినవారు పటం చూసి మరీ అడిగారు. సారాంశం ఇదీ: "సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల మ్యాప్‌లో కాకినాడ ఎదురుగా ముదురు ఎరుపు కనిపిస్తోంది. తుపానుకి వేడి నీళ్ళే బలం కదా, మరి అది అటే వస్తుందా? సముద్రం ఏటికేడాది వేడెక్కుతుంటే తుపానులు దారి మార్చుకుంటున్నాయా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆ ఎరుపు రంగు చూసి తుపాను అటు రాదు. ఇది మొదటిదానికి జవాబు. రెండోదానికి మాత్రం అవుననే చెప్పాలి, అయితే అది జరిగే తీరు చాలామంది ఊహకి అందదు. వాతావరణ పటాలు చదవడమే ఉద్యోగంగా చాలాకాలం గడిపినవాణ్ణి కాబట్టి కాస్త నిదానంగా రాస్తాను, ఓపిక పట్టండి.

తుపాను లోపల గాలి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుండవచ్చు. తుపాను మొత్తంగా ముందుకి జరిగేది మాత్రం సాధారణంగా గంటకు 10, 15 కిలోమీటర్లే. వరద రోజుల్లో గోదావరిలో సుడిగుండం చూసినవారికి దీని మర్మం తెలుసు. సుడి ఎంత జోరుగా తిరుగుతున్నా సరే, అది ఎటు కొట్టుకుపోవాలో తేల్చేది ఏటివాలు. తుపానుకి ఆ వాలు దాని చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర, సముద్రమట్టం దగ్గరనుంచి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాకా వీచే గాలుల సగటు ప్రవాహం. మా భాషలో స్టీరింగ్ గాలి అంటాం. దీనికి తోడు భూభ్రమణం వల్ల వచ్చే చిన్న తోపు ఒకటుంది. చుట్టూ గాలులు పూర్తిగా స్తంభించినా మన అర్ధగోళంలో తుపాను సెకనుకు ఒకటి నుంచి మూడు మీటర్ల చొప్పున వాయవ్యంగా జరుగుతూనే ఉంటుంది.

మన దగ్గర ఈ గాలుల ఆట ఎక్కువగా ఒక అధిక పీడన పట్టీ చుట్టూ తిరుగుతుంది. ఆ పట్టీకి దక్షిణాన ఉన్నంతసేపు తుపాను పడమరకో వాయవ్యానికో నడుస్తుంది, అంటే మన తీరం వైపు. పట్టీ అంచు దాటిందంటే ఉత్తరానికి తిరిగి, ఆపైన ఈశాన్యంగా మళ్ళి బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్ దారి పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరుకి వచ్చేలోగా ఈ పట్టీ కిందికి, అంటే దక్షిణానికి దిగుతూ వస్తుంది. అక్టోబరులో ఒడిశా, ఉత్తరాంధ్ర. నవంబరులో కోస్తా మధ్యభాగం, నెల్లూరు. డిసెంబరు నాటికి తమిళనాడు, లేదంటే సముద్రంలోనే మలుపు తిరిగి పోవడం. స్థూలంగా ఇదీ వరస. ఏటా ఇలాగే జరగాలని లేదనుకోండి. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు తీరానికి సమాంతరంగా నడుస్తూ చెన్నైని ముంచేసి మరీ వచ్చింది.

ఇక కాకినాడ దగ్గరి ఎరుపు సంగతి. తుపాను పుట్టడానికీ బతకడానికీ నీటి ఉపరితలం కనీసం 26.5 డిగ్రీలు ఉండాలని ఒక లెక్క. అక్టోబరులో బంగాళాఖాతం దాదాపు అంతా 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ చివర 29, ఈ చివర 30 అన్నది తుపానుకి దారి చూపేంత తేడా కాదు. కంప్యూటర్ మోడల్‌లో సముద్రాన్ని ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా పెట్టి నడిపి చూస్తే తుపాను వెచ్చని వైపు కొద్దిగా మొగ్గడం నిజమే. స్టీరింగ్ గాలి బలంగా ఉన్న రోజున ఆ మొగ్గు లెక్కలోకి రాదు. పైగా ఆ మ్యాప్‌లో రంగుల స్కేలు ఎక్కడ మొదలుపెట్టారో చూడండి. 28 డిగ్రీల నుంచి మొదలుపెడితే బంగాళాఖాతం నిప్పుల గుండంలా కనిపిస్తుంది, 20 నుంచి మొదలుపెడితే అంతా ఒకే రంగు.

సముద్రం వేడి దారిని మార్చే ముఖ్యమైన పద్ధతి తుపాను ఎత్తు ద్వారా. దీన్ని అర్థం చేసుకోవడానికి 2013 చివరి మూడు నెలల కన్నా మంచి పాఠం నాకు తెలిసి లేదు. ఆ ఏడాది బంగాళాఖాతంలో వరసగా ఫైలిన్, హెలెన్, లెహర్, మాదీ వచ్చాయి. ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర భీకరంగా తీరం దాటింది. హెలెన్ నవంబరు 22న మచిలీపట్నానికి దక్షిణంగా దాటింది. దాని వెనకే అండమాన్ మీదుగా లెహర్ బయల్దేరింది. నవంబరు 26 నాటికి అది అతి తీవ్ర తుపాను. తొలి హెచ్చరికల్లో కాకినాడ పేరు గట్టిగా వినిపించింది. జిల్లాల్లో జనాన్ని తరలించారు, పడవలు ఒడ్డుకి చేర్చారు. తీరా చూస్తే నవంబరు 28న అది మచిలీపట్నం దగ్గర ఉత్త వాయుగుండంగా నేల తాకింది. ఒక్క రోజులోపే అంత బలం కరిగిపోయింది. "వాతావరణశాఖ వాళ్ళు ఊరికే భయపెట్టారు" అని అప్పట్లో చాలామంది వెక్కిరించారు కూడా.

జరిగిందేమిటంటే, కోస్తాకి ఎదురుగా ఉన్న సముద్రంలో వేడి నీటి పొర లోతు లేదు. మధ్య భారతం మీదనుంచి పొడిగాలి లోపలికి చొరబడింది. పైఎత్తు గాలులు తుపాను తల ఒకవైపు, మొండెం ఒకవైపు లాగాయి. నేరం ఒక్క సముద్రానిదే కాదు, కానీ సముద్రం సాయం చేసి ఉంటే మిగతా రెండింటినీ తట్టుకునేదేమో. ఇక్కడ దారి మాట ఎక్కడొచ్చిందంటారా? బలమైన తుపాను మేఘాలు పన్నెండు, పధ్నాలుగు కిలోమీటర్ల ఎత్తుకి లేస్తాయి. అందుకే కింది గాలీ పైగాలీ కలిసి దాన్ని నడుపుతాయి. నీరసించిన తుపాను పొట్టిదైపోతుంది, రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు లోపలి గాలి మాటే వింటుంది. నవంబరు, డిసెంబరుల్లో మన సముద్రం మీద కింది గాలి ఈశాన్య రుతుపవనం, అంటే నైరుతి వైపు తోసేది. పైగాలి చాలా రోజులు ఉత్తరం వైపు లాగేదిగా ఉంటుంది. ఒకే చోట, ఒకే రోజున పొడుగు తుపాను ఒక దారిన, పొట్టి తుపాను ఇంకో దారిన పోతాయన్నమాట.

అనుమానం ఉంటే ఆ వెంటనే వచ్చిన మాదీని చూడండి. డిసెంబరు 6న నైరుతి బంగాళాఖాతంలో వాయుగుండంగా మొదలై, 8వ తేదీకి అతి తీవ్ర తుపానుగా ఎదిగి, నింపాదిగా ఉత్తరానికి నడిచింది. దాదాపు పదహారో అక్షాంశం దాకా, అంటే మచిలీపట్నానికి సూటిగా తూర్పున వచ్చేదాకా వెళ్ళింది. అక్కడ చల్లబడ్డ నీళ్ళు, పొడిగాలి తగిలి చతికిలపడింది. మేఘాలు కూలగానే కింది ఈశాన్య గాలి దాన్ని అందుకుని వెనక్కి తిప్పింది. వచ్చిన దారికి కాస్త పడమరగా నైరుతి దిశలో దిగుతూ డిసెంబరు 12న తమిళనాడులో వేదారణ్యం దగ్గర నేలకెక్కింది. పటం మీద దాని గీత చూస్తే హెయిర్‌పిన్ ఆకారంలో ఉంటుంది. ఉత్తరాన సముద్రం లోతుగా వెచ్చగా ఉండి మాదీ బలం నిలబడి ఉంటే అది అంత తొందరగా వెనుదిరిగేది కాదనే నా అభిప్రాయం.

అందుకే మ్యాప్‌లోని ఎరుపుకి అర్థం మీరనుకున్నదానికి తలకిందులు కూడా కావచ్చు. నవంబరు, డిసెంబరుల్లో మన తీరం ఎదుట నీళ్ళు బాగా లోతువరకు వెచ్చగా ఉంటే తుపాను బలపడి, పైగాలికి చిక్కి, మనల్ని తప్పించుకుని ఉత్తరానికి పోయే అవకాశం కూడా పెరుగుతుంది. చల్లగా ఉంటే నీరసించి, ఎడమకి ఒరిగి, వాయుగుండంగా నెల్లూరు వైపో తమిళనాడు వైపో చేరుతుంది. "వేడి ఉన్నచోటికి తుపాను" అన్న సూత్రం ఎంత పనికిరానిదో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

లోతు అని పదే పదే ఎందుకంటున్నానో చెప్పాలి. శాటిలైట్ చూసేది నీటి పైపొరని మాత్రమే. తుపాను గాలి సముద్రాన్ని చిలికేసి, అడుగునున్న చల్లని నీళ్ళని పైకి తెస్తుంది. వెచ్చని పొర పలచగా ఉంటే కొన్ని గంటల్లోనే తుపాను తన కిందున్న మంటని తనే ఆర్పేసుకుంటుంది. అందుకే 26 డిగ్రీల నీళ్ళు ఎంత లోతు దాకా ఉన్నాయో కొలిచి, ఆ మొత్తం వేడిని లెక్కగట్టిన పటాలు చూడాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇలాంటివి వెలువరిస్తుంది. సముద్రంలో తేలుతూ, మునుగుతూ తిరిగే ఆర్గో పరికరాల కొలతలు ఈ లెక్కలకి ఆధారం.

బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది, నాకు ఇష్టమైన అంశం కాబట్టి వదిలిపెట్టలేను. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి తెచ్చే మంచినీళ్ళు వానాకాలం తర్వాత ఉత్తర బంగాళాఖాతం మీద పలుచటి పొరలా పరుచుకుంటాయి. ఉప్పు తక్కువ కాబట్టి తేలిక, తేలిక కాబట్టి పైనే ఉండిపోతాయి. ఆ పొరని చిలికి అడుగు నీళ్ళు పైకి తేవడం తుపానుకి కూడా కష్టమే. ఒక్కోసారి ఆ పొర కింద ఉన్న నీళ్ళు పైవాటికన్నా వెచ్చగా కూడా ఉంటాయి. దాంతో అక్టోబరు, నవంబరుల్లో అక్కడ తుపాను దాటిపోయాక కూడా సముద్రం పెద్దగా చల్లబడదు. అదే మే నెలలో అయితే రెండు మూడు డిగ్రీలు పడిపోవచ్చు. నైరుతి వానలు, నదుల వరద ఎంతన్నది ఆ తర్వాత నెలలకి తుపాను బలం మీదా, ఆ బలం ద్వారా దాని దారి మీదా చెయ్యేస్తుంది. మన గోదావరి వాటా గంగ, బ్రహ్మపుత్రల ముందు చిన్నదే లెండి.

వేడి సముద్రం చేసే ఇంకో పని తుపాను ఆయుష్షు పెంచడం. 2023 జూన్‌లో అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ వచ్చింది గుర్తుందా? దాని చుట్టూ స్టీరింగ్ గాలి బలహీనంగా ఉంది. రెండు అధిక పీడనాల మధ్య చిక్కి, ఎటు పోవాలో తేలక, నెమ్మదిగా దిశ మార్చుకుంటూ కదిలింది. మోడళ్ళలో కొన్ని ఒమన్ అన్నాయి, కొన్ని పాకిస్తాన్ అన్నాయి. చివరికి జూన్ 15న గుజరాత్‌లో జఖౌ దగ్గర తీరం దాటింది. చల్లని సముద్రంలో అంత నెమ్మదిగా నడిచే తుపాను నడిసంద్రంలోనే చచ్చిపోవాలి. అక్కడ నీళ్ళు 30 డిగ్రీల పైన ఉండబట్టి అది పదమూడు రోజుల దాకా బతికింది. బతికినన్నాళ్ళూ గాలులు మారుతూనే ఉంటాయి, మారినప్పుడల్లా కొత్త మలుపు తీసుకుంటుంది. వేడి దారి చూపలేదు, దారులు మారేంత సమయం ఇచ్చింది.

తర్వాతది పుట్టే చోటు. దారి ఎక్కడ మొదలవుతుందో అక్కడనుంచే సగం తేలిపోతుంది. 2019లో ఫణి దాదాపు భూమధ్యరేఖ పక్కనే పుట్టింది. అక్కడనుంచి రోజుల తరబడి వెచ్చని నీళ్ళ మీద నడిచింది. తమిళనాడు, దక్షిణ కోస్తా అని మొదట్లో అనుకున్నది చివరికి మే 3న పూరీ దగ్గర దాటింది. అదే ఏడాది హిందూ మహాసముద్రం పడమటి సగం మామూలు కన్నా బాగా వెచ్చగా, తూర్పు సగం చల్లగా మారింది. దాంతో వాయు, హిక్కా, క్యార్, మహా, పవన్ అంటూ అరేబియా సముద్రంలో ఒకదాని వెంట ఒకటి పుట్టాయి. పుట్టుక బరువు పడమరకి జరిగితే ప్రమాదం కూడా గుజరాత్, మహారాష్ట్ర, ఒమన్, యెమెన్, సోమాలియాల వైపు జరుగుతుంది. గత నాలుగు దశాబ్దాల లెక్కల్లో అరేబియా సముద్రపు తుపానులు సంఖ్యలోనూ బలంలోనూ పెరిగాయని పుణేలోని శాస్త్రవేత్తలు చూపించారు. బంగాళాఖాతంలో సంఖ్య పెరగలేదు, స్వల్పంగా తగ్గిందనే చెప్పాలి. ఇది మనకి ఊరట అనుకోవద్దు, వచ్చేవి తక్కువైనా గట్టివి వస్తే లాభమేముంది?

మిగిలింది అన్నిటికన్నా పెద్దదీ, అన్నిటికన్నా తేలడం కష్టమైనదీ. సముద్రం వేడెక్కినప్పుడు ఆ స్టీరింగ్ గాలులే మారతాయి. ఏ సముద్రం మీద మేఘాలు గుమిగూడతాయో దాన్నిబట్టి వేల కిలోమీటర్ల అవతల అధిక పీడన పట్టీలు జరుగుతాయి. పసిఫిక్‌లో ఎల్ నినో (అక్కడి నీళ్ళు మామూలు కన్నా వెచ్చబడటం), లా నినా (చల్లబడటం) వస్తే మన బంగాళాఖాతపు తుపానుల తీరు మారేది అందుకే. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది, ప్రపంచ సముద్రాల సగటు కన్నా ఎక్కువ. ఇంత మార్పు గాలుల మీద పడకుండా ఉండదు. ప్రపంచం మొత్తం మీద చూస్తే తుపానులు అత్యధిక బలానికి చేరే చోటు దశాబ్దానికి దాదాపు 50, 60 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల వైపు జరుగుతోందని 2014లో కాసిన్, ఇమాన్యుయెల్, వెక్కీ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన చెప్పింది. జపాన్, కొరియాల వాళ్ళకి ఇది గట్టి హెచ్చరిక. మన దగ్గర మాత్రం ఆ ధోరణి అంత స్పష్టంగా లేదు, కారణం పటం చూస్తేనే తెలుస్తుంది: ఉత్తరాన సముద్రం అయిపోతుంది, బంగ్లాదేశ్ వచ్చేస్తుంది. తుపానులు జరగడానికి చోటేదీ?

తుపానులు నెమ్మదిస్తున్నాయన్న మాట కూడా వింటున్నారు కదా. 1949 నుంచి 2016 మధ్య అవి కదిలే వేగం 10 శాతం తగ్గిందని 2018లో ఇదే కాసిన్ రాశారు. శాటిలైట్లు లేని కాలపు రికార్డులు నమ్మదగినవి కావని దానిమీద గట్టి అభ్యంతరాలొచ్చాయి. నేనూ ఆ అభ్యంతరాల పక్షమే. అయినా నెమ్మది తుపాను ఎంత చేటో 2024 నవంబరు 30న ఫెంగల్ చూపించింది. తీరం దాటాక కూడా పుదుచ్చేరి దగ్గరే గంటల తరబడి కదలకుండా కూర్చుంది. ఒక్క రోజులో అక్కడ 40 సెంటీమీటర్లకి పైగా వాన కురిసింది.

ఇంతకీ పటం మీద తుపాను దారి గీత యాభై కిలోమీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందని కొందరు తేలిగ్గా అంటుంటారు. 1977 నవంబరు 19 తుపాను నిజాంపట్నం పరిసరాల్లో తీరం దాటింది, ఉప్పెన మింగింది దివిసీమని. మన తీరానికి అడ్డంగా వచ్చే తుపానుకి కుడివైపున, అంటే కేంద్రానికి ఉత్తరాన, ఈశాన్యాన గాలి సముద్రాన్ని నేల మీదకి తోస్తుంది. ఎడమవైపున నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. అదే తుపాను కొద్ది మైళ్ళు దక్షిణంగానో ఉత్తరంగానో దాటి ఉంటే చచ్చిపోయిన పది వేల పైచిలుకు మందిలో ఎందరు మిగిలేవారో. అందుకని "మా ఊరికి వస్తుందా" అన్నదానికన్నా "మా ఊరు గీతకి కుడివైపునా, ఎడమవైపునా" అని అడగడం మంచిది.

కాబట్టి ఈసారి తుపాను బులెటిన్ వస్తే ఉష్ణోగ్రతల మ్యాప్ పక్కన పెట్టి, అధిక పీడన పట్టీ ఏ అక్షాంశం దగ్గర ఉందో, పడమటి నుంచి ద్రోణి, అంటే పైగాలిలో సాగే అల్పపీడన పట్టీ, ఏమైనా వస్తోందో చూడండి. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్లలో ఆ వాక్యాలు ఉంటాయి, చాలామంది వాటిని దాటేసి తీరం దాటే చోటు మాత్రం చదువుతారు. తుపాను బలం గురించి ఎంత చెప్పారో కూడా చూడండి. బలం అంచనా తప్పితే దారి అంచనా కూడా తప్పే రోజులు నవంబరు, డిసెంబరులే. వేర్వేరు మోడళ్ళ గీతలు విడిపోయి కనిపిస్తే చాలాసార్లు తగాదా ఇక్కడే ఉంటుంది: ఒకటి తుపానుని పొడుగ్గా ఊహించింది, ఇంకోటి పొట్టిగా ఊహించింది. ఒక్క మోడల్ గీత పట్టుకుని పది రోజుల ముందే ఊరి పేరు చెప్పేసే వాట్సాప్ పండితుల జోలికి పోకండి.

వరంగల్ నుంచి ఒకరు, "మాకు సముద్రమే లేదు, మాకెందుకీ గొడవ" అన్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. గాలిగా అది తీరంలోనే సగం అయిపోయింది. కానీ అది మోసుకొచ్చిన తేమ తెలంగాణ మీదకి ఎక్కి, మర్నాడు వరంగల్, హనుమకొండ కాలనీల్లో నడుముల్లోతు నీళ్ళు నిలిచాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. వేడి సముద్రం మీదుగా వచ్చిన తుపాను, బలహీనపడిందని టీవీలో చెప్పాక కూడా, ఆ తేమని ఎక్కడో ఒకచోట దించాల్సిందే. పటం మీద తుపాను గీత ఆగిపోయిన చోటు దాటాక కూడా వాన అంచనాలు చూస్తూ ఉండండి, ముఖ్యంగా చెరువు కట్టల కింద ఉన్నవారు.